పిన్నిగారి పెరడు: మంచుకి మెత్తబడిన ఐరిస్ కాడలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఐరిస్ అనే దుంప పూలమొక్క మీదే ఉన్నాయి, అదీ ఏడుపుతో. మార్చిలో రెండు వారాలు ఉగాది ఎండలు కాసి, ఆపైన ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పడితే మా డాలస్ చుట్టుపక్కల ఏ పెరడైనా ఏడవాల్సిందే. కుండీలో కరివేపాకు గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: పిన్నిగారూ, మా ఇంటి ముందు ఇరవై దాకా, కింది రేకల మీద గడ్డంలా నూగుండే, గడ్డం ఐరిస్‌లు ఉన్నాయి. మార్చి మొదట్లోనే ఆకులు విసనకర్రల్లా విచ్చుకుని నడుమ లావెక్కాయి. మూడో వారంలో ఒక రాత్రి 26 డిగ్రీల ఫారిన్‌హీట్‌కి, అంటే సెల్సియస్‌లో మైనస్ 3కి, పడిపోయింది. ఇప్పుడు కొన్నిటికి కాడ వంకర తిరిగి వచ్చింది, కొన్నిటికి అసలు రాలేదు. రెండు మొక్కల దగ్గర కుళ్లు వాసన కూడా వస్తోంది. అన్నీ పోయినట్టేనా?
– ఫ్రిస్కో పాఠకురాలు

జవాబు: పోలేదమ్మా. ఈ ఏడాది పువ్వు పోయింది, మొక్క పోలేదు.

2021 ఫిబ్రవరి 16 గుర్తుందా? డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీలు. అంటే మన సెల్సియస్ లెక్కలో మైనస్ 19. కరెంటు లేక మేం మూడు దుప్పట్లు కప్పుకుని వంటింట్లో పడుకున్నాం. ఐరిస్‌లు పోయాయనే అనుకున్నాను. మంచు కరిగాక చూస్తే ఆకుల కొసలు మాడాయి తప్ప దుంపలు రాయిలా గట్టిగా ఉన్నాయి. మిన్నెసోటా చలికాలాలు తట్టుకునే జాతి ఇది. పైగా అప్పుడు నేల మీద మంచు దుప్పటిలా పరుచుకుని ఉంది, సగం మొక్కల్లో కాడ ఇంకా లేవలేదు.

మీకు జరిగింది వేరు. పూలకాడ బయటికి కనపడకముందే ఆకుల నడుమ పుట్టి పైకి లేస్తూ ఉంటుంది. మీరు చూసిన ఆ లావు అదే. లేత కాడంటే చాలావరకు నీళ్లే. వెచ్చటి వారాలు దాన్ని పైకి రమ్మని పిలిచాయి, వచ్చాక చలి కొట్టింది. అందుకే ఫిబ్రవరి మైనస్ 2 దుంపల్ని ఏమీ చెయ్యకపోయినా, లేచిన కాడల్ని మార్చి 26 చంపేస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ఆకుల మొదలు బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే దాని జోలికి వెళ్లకండి. వంకరగా వచ్చిన కాడలు కురచగా ఒకటో రెండో పూలిస్తాయి, ఇవ్వనివ్వండి. నొక్కితే మెత్తగా నీరు ఊరితే లోపల కాడ చచ్చిందని అర్థం. దాన్ని మొదలంటా కోసెయ్యండి. అలాగే వదిలేస్తే చచ్చిన కాడ దారిలో బాక్టీరియా దుంపలోకి దిగుతుంది. మీకు వచ్చే వాసన అదే. పసుపు పండించినవాళ్లకి దుంపకుళ్లు అంటే వెంటనే తెలుస్తుంది, చూడ్డానికి ఇదీ అలాంటిదే. పాత స్టీలు చెంచాతో మెత్తటి భాగమంతా గీకి తీసెయ్యండి, తెల్లటి గట్టి కండ తగిలేదాకా. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతులు నీళ్లు కలిపి ఆ గాయం మీద పోసి, మట్టి కప్పకుండా వారం రోజులు ఎండకి వదిలెయ్యండి. చెంచాని మళ్లీ వంటింట్లోకి తేకండి. నేను తెచ్చి మా ఆయనతో మాట పడ్డాను.

ఐరిస్‌లో ఒక దుంప ఒక్కసారే పూస్తుంది. ఆ తరవాత పూసేవి దాని పక్కన వేసే పిలకలు. మన అరటి లెక్కే. మీ మొక్కల పక్కన పిలకలు కనబడుతున్నాయంటే వచ్చే ఏడాది పూలు అవే.

ఇంకో మాట, ఇది మీ ఉత్తరంలో లేదు కానీ అడక్కుండానే చెప్తున్నా. గడ్డికి వేసే నత్రజని ఎరువు ఐరిస్ పాదుల్లోకి కొట్టుకురాకుండా చూసుకోండి. అది తిన్న మొక్క నవనవలాడుతుంది. నవనవలాడేది చలికి ముందు పోతుంది, తెగులుకీ ముందు దొరుకుతుంది.

ప్రశ్న: ఏటా మే నెలాఖరు నుంచి ఐరిస్ ఆకులు ఎండిపోతున్నాయి. రోజూ పొద్దున్నా సాయంత్రం నీళ్లు పెడుతున్నాను. ఇంకా పెంచాలా?
– ఇర్వింగ్ పాఠకుడు

జవాబు: వెంటనే ఆపండి.

2011లో ఇక్కడ 71 రోజులు వంద డిగ్రీల ఫారిన్‌హీట్, అంతకు మించి కాశాయి, అందులో 40 రోజులు వరసగా. నేను తోటకి కొత్త. మనిషికి దాహమేస్తే మొక్కకీ వేస్తుంది కదా అని జాలిపడి రోజూ గొట్టం పట్టుకుని నిలబడ్డాను. తొంభై మొక్కల్లో అరవై దాకా కుళ్లిపోయాయి. కంచె పక్కన గొట్టం అందక వదిలేసిన పన్నెండూ బతికాయి. అప్పుడు తెలిసింది, పూసి అలిసిన ఐరిస్ నడివేసవిలో నిద్రలోకి జారుకుంటుందని. ఆకు కొస ఎండడం దాని ఏర్పాటు. నిద్రపోయేదాన్ని తడిపితే వేడీ తడీ కలిసి దుంపని ఉడకబెడతాయి.

డాలస్ చుట్టూ ఉన్నది నల్లరేగడే. నంద్యాల మట్టికి అమెరికా చుట్టం అనుకోండి. ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్లు, తడిస్తే నీరు దిగని జిగురు. అందుకే ఐరిస్‌ని ఎత్తు చేసిన మడిలో, దుంప వీపు ఎండకి కనబడేలా నాటాలి. కొత్తగా నాటినవాటికి తప్ప, వేసవిలో రెండు మూడు వారాలకి ఒక తడి చాలు. సెప్టెంబరులో కొత్త ఆకు లేచినప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. వచ్చే వసంతం పూలు ఎన్నన్నది అప్పటి బలం మీద ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: పిన్నిగారూ, నాకు సొంతంగా కొత్త రంగు ఐరిస్ పుట్టించాలని పిచ్చి పట్టింది. ఈ ఏడాది ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి అద్ది పాతిక క్రాసింగ్‌లు చేశాను. పక్క వీధిలో పాత కంచె దగ్గర ఫిబ్రవరిలోనే పూసే తెల్ల ఐరిస్ మీద పది, కొన్న మొక్కల మీద పదిహేను. ఆఫీసు పని అయ్యాక సాయంత్రాలు చేశాను. ఏప్రిల్లో గాలులు, ఒక వడగళ్ల వాన, రెండు రోజులు తొంభై డిగ్రీల ఎండ. నిలిచినది ఒక్కటే కాయ. తప్పు నాదా, వాతావరణానిదా?
– ప్లేనో పాఠకుడు

జవాబు: సగం సగం నాయనా. ముందు నీ సగం చెప్తా.

ఆ తెల్ల ఐరిస్ గొడ్డుది. టెక్సస్‌లో పాత శ్మశానాల్లో, పాడుబడ్డ పొలం ఇళ్ల దగ్గర అందరికంటే ముందు పూసేది అదే, పేరు ఐరిస్ ఆల్బికాన్స్. అరేబియా వైపు నుంచి వచ్చింది. ముస్లింలు సమాధుల మీద నాటుతూ దేశదేశాలకి తీసుకుపోయారు. అది సహజంగా పుట్టిన సంకరం, విత్తనం కట్టదు. ఇన్ని వందల ఏళ్లుగా దుంప ముక్కలతోనే ఖండాలు దాటింది. నువ్వు పది కాదు, వెయ్యి పూలకి అద్దినా కాయ నిలవదు. ఎండకీ చలికీ దాన్ని మించింది లేదు, కానీ ఆ గుణం పిల్లలకి పంచలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు కొంచెం జాలి.

రెండోది, సాయంత్రం.

మాది నంద్యాల పక్క ఊరు. మా చిన్నప్పుడు మా నాయన పత్తి విత్తనం పండించేవాడు. 1970లో సూరత్‌లో హెచ్-4 అనే మొదటి సంకర పత్తి వచ్చాక, మా వైపు చేలల్లో క్రాసింగ్ పనులు మొదలయ్యాయి. మర్నాడు విచ్చబోయే మొగ్గల్ని మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా గిల్లి, మగ భాగం తీసేసేవాళ్లు. పొద్దున్నే మగ మొక్కల పూలు తెచ్చి అద్దేవాళ్లు. ఎండ ముదిరాక అద్దే కూలీల మీద నాయన అరిచేవాడు, "కాయ నిలవదు, కూలి దండగ" అని. ఆ పనికి నా ఈడు ఆడపిల్లల్నే ఎక్కువ పెట్టేవాళ్లు, వేళ్లు సన్నగా ఉంటాయని. నా పక్కన కూర్చునే ముగ్గురు ఆ సీజన్లో బడి మానేశారు, మళ్లీ రాలేదు. నేను చేను గలవాడి కూతుర్ని కాబట్టి చదువుకున్నాను. ఇప్పుడు అదే పని అమెరికాలో సరదాకి చేస్తున్నాను. ట్వీజర్ పట్టుకున్నప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

సరే, ఐరిస్. పువ్వు నడుమ నుంచి మూడు చిన్న చేతులు పైకి లేచి వంగి ఉంటాయి, చూశావు కదా. ఒక్కో చేతి కొన కింద సన్నటి పెదవి లాంటి అంచు ఉంటుంది. పుప్పొడి పట్టేది అక్కడ మాత్రమే. ఆ చేతి కిందే పుప్పొడి తిత్తి దాగి ఉంటుంది. పువ్వు విచ్చీ విచ్చకముందు, మంచుబిందువులు ఆరగానే, ఎనిమిది పది గంటల మధ్య పని ముగించాలి. అప్పుడు ఆ పెదవి తేమగా, జిగురుగా ఉంటుంది. సాయంత్రానికి, అందులోనూ తొంభై డిగ్రీల గాలికి, అది ఎండి కాగితమవుతుంది. నువ్వు అద్దింది కాగితం మీద పౌడరు.

వాతావరణం సగానికి వద్దాం. ఎండ ఎక్కువైతే పుప్పొడిలో జీవం తగ్గుతుంది. వాన తగిలినా పనికిరాదు, తడిసిన పుప్పొడి గింజలు ఉబ్బి పగిలిపోతాయి. అందుకే వాతావరణ సూచన చూసి ఒకరోజు ముందే పుప్పొడి ఇచ్చే పూల మొగ్గలు కోసి ఇంట్లో పెట్టుకుంటాను. విచ్చగానే తిత్తులు తీసి కాగితం మీద ఒక పూట ఆరబెట్టి, చిన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లంతో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు దిగులుండదు. వాన వెలిసిన పొద్దున కాయ కట్టాల్సిన పువ్వు సిద్ధంగా ఉంటే డబ్బా తీసుకుని పరుగెత్తడమే. అద్దిన పువ్వుకి గడ్డం ఉన్న కింది రేకలు మూడూ తుంచెయ్. తేనెటీగ వాలేది వాటి మీదే. గాలి పట్టు కూడా తగ్గుతుంది. చీటీ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తరవాత, తేదీతో పాటు ఆ రోజు ఎండ ఎంతో కూడా రాయి. ఈ చివరిది ఎవరూ రాయరు.

నా నోటుబుక్కులో ఒక మంచి ఏడు 40 క్రాసింగ్‌లకి 22 కాయలు ఉన్నాయి. వేడిగాలులు పట్టిన మరో ఏడు 45కి 6. చేసిన చెయ్యి ఒకటే. నీకు గొడ్డుదాన్ని తీసేస్తే పదిహేనుకి ఒకటి. సాయంత్రం చేసినవాడికి అది తక్కువేం కాదు.

ఆ ఒక్క కాయని కాపాడుకో. అది పండడానికి రెండు నెలలు పడుతుంది, అంటే జూన్ ఎండలో. కాడకి కర్ర కట్టు, పడమటి ఎండకి చిన్న నీడ పెట్టు. పచ్చరంగు తగ్గి, నెత్తిన పగులు కనబడగానే కొయ్. మిరియాల కంటే కాస్త పెద్ద గింజలు, ముడతలు పడి ఉంటాయి. అక్టోబరులో కుండీలో వేసి ఆరుబయటే వదిలెయ్. వానకి నాని, రెండు మూడు నెలలు చలి తగిలితేనే లేస్తాయి. చలి సరిగా పడని ఏడాది నాలుగో అయిదో మొలిచి మిగతావి పడుకుంటాయి. కుండీ పారబొయ్యకు. రెండో చలికాలం అయ్యాక లేచినవి నాకు బోలెడున్నాయి.

ప్రశ్న: హ్యూస్టన్‌కి మారాం. డాలస్ నుంచి తెచ్చిన గడ్డం ఐరిస్‌లు రెండేళ్లలో మూడొంతులు కుళ్లిపోయాయి. ఆకుల మీద మచ్చలు కూడా.
– ఒక పాఠకురాలు

జవాబు: వాటితో కుస్తీ మానెయ్యమ్మా. గాలిలో అంత తేమ ఉంటే ఆకుమచ్చ తెగులు ఒక చెట్టు నుంచి ఇంకోదానికి తీరిగ్గా నడుస్తుంది. మచ్చల ఆకులు కోసి చెత్తబండికి వెయ్యి, కంపోస్టులో కాదు. అక్కడ పెంచాల్సినవి లూసియానా ఐరిస్‌లు. వాటికి గడ్డం ఉండదు, దుంప కుళ్లుతుందన్న భయమూ తక్కువ, నీళ్లు నిలిచే చోటా సంతోషంగా ఉంటాయి. ఇటుకరంగు ఎరుపు వాటిలోనే పుట్టింది. గడ్డం ఐరిస్‌లో అసలైన ఎరుపు కోసం సంకరాలు చేసేవాళ్లు వందేళ్లుగా తలలు పట్టుకుంటున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ నుంచి సూట్‌కేసులో నాలుగు ఐరిస్ దుంపలు తెచ్చింది. హైదరాబాదులో మేడ మీద మూడేళ్లుగా ఆకులే, ఒక్క పువ్వూ లేదు. బలం మందు ఏదైనా వెయ్యాలా?
– నల్లకుంట నుంచి

జవాబు: వదినగారూ, మందు కాదు, మీకు కావలసింది చలికాలం. గడ్డం ఐరిస్ మొగ్గ కట్టాలంటే కొన్ని వారాలు గట్టి చలి పడాలి. హైదరాబాదు డిసెంబరు దానికి మధ్యాహ్నం కునుకు లాంటిది. కాశ్మీరులో సమాధుల మీద తెల్లగా, ఊదాగా పూసే ఐరిస్‌ల ఫొటోలు చూసి ఇండియాలో పూస్తుందనుకుంటారు. ఆ చలి వేరు.

అమ్మాయిని కోప్పడకండి గానీ, విదేశం నుంచి దుంపలు అలా తేవడం నేరం. మట్టితో పాటు ఏ పురుగు వస్తుందో తెలియదు, అందుకే అనుమతీ, మొక్కల ఆరోగ్య పత్రమూ అడుగుతారు.

మీ మేడకి సరిపడేది ఒకటుంది. చిరుతమచ్చల నారింజ పూల మొక్క, కాయ పగిలితే నల్లటి గింజలు నేరేడు పండ్ల గుత్తిలా కనబడతాయి. చాలాకాలం దాన్ని వేరే కులంలో పెట్టారు. జన్యువులు చూశాక 2005లో ఐరిస్‌లోకే చేర్చి ఐరిస్ డొమెస్టికా అన్నారు. వేడికి భయపడదు, గింజ వేస్తే రెండో ఏటికి పూస్తుంది.

ప్రశ్న: నేను నాటిన సంకరం మొలకలు ఈ ఏడాది మొదటిసారి పూశాయి. పద్దెనిమిదిలో ఒక్కటీ బాగాలేదు. ముదురు ఊదా వస్తుందనుకున్నది వెలిసిన చీరలా ఉంది. కాడలు కురచ, పూలు మూడే. చోటు లేదు, అన్నీ పీకెయ్యమంటారా?
– మెకిన్నీ పాఠకురాలు

జవాబు: ఆగు తల్లీ. చలి కొట్టిన ఏడాది కాడ కురచే అవుతుంది. పూసే వారం ఎండ ఎక్కువైతే ఊదా, నీలం వెలుస్తాయి. ఆ రంగు పదార్థం వేడికి సరిగా తయారవదు. పసుపు, నారింజ అంతగా వెలవవు. అందుకే ఎండ ఏడాది పసుపు మొలక అందరికీ నచ్చుతుంది, ఊదా మొలక కంపోస్టుకి పోతుంది.

ఒరెగాన్‌లోని సేలంలో ష్రైనర్స్ అని పెద్ద ఐరిస్ తోట ఉంది. ఆ కుటుంబం మొదట మిన్నెసోటాలో పెంచేవాళ్లు, మెరుగైన వాతావరణం వెతుక్కుంటూ 1940ల్లో అక్కడికి మారారు. డస్కీ ఛాలెంజర్ అని వాళ్లు 1986లో విడుదల చేసిన ముదురు ఊదా నా పెరట్లో ఉంది. అంత పేరున్నదే ఒక ఏప్రిల్లో వడగాలికి కాఫీ మరకలా పూసింది. పేరు తెలుసు కాబట్టి దాన్ని పీకలేదు. పేరు లేని నీ మొలకకి ఆ గౌరవం ఎవరిస్తారు?

నేను ఇవ్వలేదు. 2016లో చేసిన ఒక క్రాసింగ్ నుంచి వచ్చిన మొలక, చీటీ మీద 16-9-4, మొదటిసారి పూసిన వారంలో ఎండ తొంభై దాటింది. మురికి లావెండర్ రంగు, రెండు మొగ్గలు. అయిదు నిమిషాలు కూడా చూడకుండా పలుగుతో లేపి కంపోస్టు గుట్టలోకి విసిరాను. దాని పక్క మొక్కలకి ఏడాదిపాటు నీళ్లు పెట్టాను, దాన్ని తలుచుకున్నది లేదు.

2021లో ఆ మైనస్ 2 చలి పోయాక ఏప్రిల్లో పెరట్లో పూలే తక్కువ. నేను పేర్లు పెట్టి పొగిడినవాటిలో సగం కాడ వెయ్యలేదు. కంపోస్టు గుట్ట వెనక, కంచె సందులో, రెండు కాడలు నిటారుగా లేచాయి. ఒక్కోదానికి ఏడు మొగ్గలు. చల్లటి వారంలో విచ్చాయి, వంకాయ నిగనిగ, గడ్డం మాత్రం పసుపుకొమ్ము రంగు. ఎవరిదో తెలియక తవ్వితే మట్టిలో సగం చెరిగిన చీటీ దొరికింది. విసిరినప్పుడు ఒక దుంప ముక్క గుట్ట దాటి పడిందన్నమాట. నీళ్లు లేవు, ఎరువు లేదు, మడి లేదు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. చెడ్డ ఏడాదిలో పువ్వు మీద తీర్పు చెప్పను. ఆకు, దుంప, పిలకలు మాత్రమే చూస్తాను. కుళ్లినదీ, పిలకలు వెయ్యనిదీ అప్పుడే తీసేస్తాను, ఎంత అందంగా పూసినా సరే. రంగు సంగతి తేల్చడానికి మూడు వసంతాలు ఇస్తాను, పక్కన ఆ వారం వాతావరణం రాసుకుంటూ. నీ పద్దెనిమిదిలో మెత్తబడ్డవి, ఒక్క పిలకా వెయ్యనివి తీసెయ్. ఏడెనిమిది మిగులుతాయి. వాటికి చోటు లేదంటే గడ్డి కొంచెం తవ్వు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల సంఘం) వాళ్లు ఉత్తరం పంపితే వెనక పెరట్లో తవ్వు.

16-9-4ని రిజిస్టరు చెయ్యమని మా క్లబ్బులో అందరూ అంటున్నారు. ఐరిస్ పేర్ల చిట్టా అమెరికన్ ఐరిస్ సొసైటీ దగ్గర ఉంటుంది, ఒకసారి ఎక్కిన పేరు మామూలుగా మళ్లీ ఎవరికీ ఇవ్వరు. ఫారం నింపి రెండేళ్లుగా బల్ల మీద పెట్టుకున్నాను, పేరు దగ్గర ఖాళీ. మా నాయన పేరు పెడదామా, బడి మానేసిన ముగ్గురిలో ఒకరి పేరు పెడదామా అన్నది ఇంకా తేలలేదు.